తెగలేదన్న ఒక్క మాట

నా కుడి మోకాలు ఇప్పుడు ముప్పాతిక వంతు వంగుతుంది. మిగిలిన పాతిక వంగదు. ఆ సంగతి నాకూ తెలుసు, మోకాలికీ తెలుసు, మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. పోనూ రానూ రోజుకు పద్నాలుగు మైళ్లు సైకిల్ తొక్కుతున్నాను కాబట్టి చెడ్డరోజులు దాటినట్టే అనుకోవాలి. మా కల్వకుర్తి చుట్టుపక్కల నారికురుపు లేవని ఇల్లు తక్కువ. చదువొచ్చినవాళ్లు ఇది చదివి రానివాళ్లకు చెబుతారని రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. కాలి నొప్పి పోయింది గాని కోపం పోలేదు. దాన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాలి.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన మూడో ఏడో, నాలుగో ఏడో నాకు మాస్టరు పని దొరికింది. ఊరికి ఏడు మైళ్ల దూరంలో ఒక పల్లె, అక్కడ ఒకే గది, ఒకే మాస్టరు. బస్సు పోదు. అక్కడే ఉందామంటే స్కూలు తప్ప ఖాళీగా ఉన్న కప్పు లేదు. పని ఇంకా ఖాయం కాలేదు. సైకిల్ ఉంటేనే నేను మాస్టర్ని, లేకపోతే మా అమ్మ కొడుకుని మాత్రమే.

ఆ సైకిల్ నాకు నేర్పింది యాదగిరి. చిన్నప్పటి నుంచీ దోస్తు. బస్సులు ఆగేచోట వాడికి సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం ఉంది. ఇరవై ఏళ్లు వచ్చాక సైకిల్ నేర్చుకున్న మొనగాణ్ని నేను. శ్రీశైలం సడక్ మీద వాడు వెనక క్యారియర్ పట్టుకుని ఉరికేవాడు. పట్టుకున్నవా అని నేను, పట్టుకున్న తొక్కు అని వాడు. ఒకరోజు ఆ మాట ఎక్కడో దూరం నుంచి వినిపించింది. తిరిగి చూస్తే వాడు ఫర్లాంగు వెనక నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతున్నాడు. ఆ అబద్ధం గురించి నేను ఏళ్ల తరబడి పదిమందికి మురిసిపోతూ చెప్పుకున్నాను. నా పెళ్లయిన కొత్తలో అండాలుకు చెప్పిన మొదటి కథ అదే.

శివరాత్రి దాటిన వారానికి కుడి పిక్క మీద ఒక పొక్కు లేచింది. నిప్పు కణిక పెట్టినట్టు మంట. మధ్యాహ్నం పిల్లల్ని అన్నాలకు వదిలి, ఆ పల్లె దిగుడుబావి మెట్ల మీద కూర్చుని కాలు నీళ్లలో పెట్టాను. ఎంత హాయి అనిపించిందో. ఆ బావి నీళ్లు కొబ్బరినీళ్లకంటే తియ్యన అని ఆ ఊరివాళ్లకు గర్వం. నేనూ ఏడాదిగా అవే తాగుతున్నాను, పాఠం మధ్యలో మెచ్చుకున్నాను కూడా. మూడు రోజులు అలా కాలు చల్లబరుచుకున్నాక పొక్కు పగిలి లోపల దారప్పోగులాంటి తెల్లటి పురుగు కనిపించింది. నారి. నన్ను ఆదుకుందనుకున్న బావే నాకు దాన్ని తాగించిందని అప్పటికి తెలియదు.

నారిని ఎట్లా తీస్తారో తెలియని వాళ్ల కోసం చెబుతాను. బయటికొచ్చిన కొసను ఒక పుల్లకు చుడతారు. రోజుకు అంగుళమో, రెండంగుళాలో, అది ఇచ్చినంత. ఇవ్వకపోతే ఆగాలి. పుల్లను కాలికి కట్టేసి మళ్లీ మర్నాడు చూడాలి. మూర పొడుగుంటుంది, రెండు మూరలూ ఉంటుంది. తొందరపడి గుంజితే లోపల తెగుతుంది. తెగితే కాలు చీము పట్టి, ఒక్కోసారి మనిషే దక్కడు. అందుకే చుట్టేవాడికి హస్తవాసి ఉండాలంటారు.

మా ఊళ్లో ఆ హస్తవాసి యాదగిరిది. ఊగే చక్రాన్ని ఒక్కో తీగె బిగించి నిలబెట్టే వేళ్లు కదా. దుకాణం తెరవకముందే వాడి గడప దగ్గర కుంటుకుంటూ వచ్చిన నలుగురు కూర్చుని ఉండేవాళ్లు. వాడి చేతిలో నారి ఎప్పుడూ తెగలేదని చుట్టూ పది ఊళ్లకు పేరు. నాకు మాత్రం వాడే ఇంటికి వచ్చేవాడు. పొద్దున్నే వచ్చి, చాయ తాగి, నా కాలు తన తొడ మీద పెట్టుకుని, పుల్లను వెంట్రుకవాసి తిప్పి, ఆగి, మళ్లీ తిప్పేవాడు. అంతసేపూ ఊళ్లో కబుర్లు చెప్పేవాడు. ఇరవై రోజులు ఒక్కరోజు తప్పలేదు. అది ఇప్పటికీ నేను కాదనను.

ఉగాది మర్నాడు పొద్దున కూడా వచ్చాడు. పండుగకు చుట్టాలొచ్చారు, కిరాయి సైకిళ్ల కోసం దుకాణం ముందు జనం ఉన్నారని అన్నాడు. కూర్చోలేదు, గొంతుక్కూర్చున్నాడు. రెండుసార్లు తిప్పాడు. మూడోసారికి పిక్కలో ఏదో చివుక్కుమని మోకాలి దాకా పాకింది.

"తెగిందా?" అన్నాను.

"తెగలేదురా, మొత్తమొచ్చింది. గిదే తోక. నీ పీడ వోయింది."

నేను తల ఎత్తి చూసేలోపు పుల్లను కుంపట్లో వేశాడు. వచ్చిన నారిని కాల్చేయడం రివాజే కాబట్టి నాకు అనుమానం రాలేదు. కుంపటి పక్కన మా అమ్మ ఉంది. ఆమె నిప్పుల వంకే చూస్తోంది. ఆ సాయంత్రం అండాలు చేత సేమియా పాయసం చేయించి, యాదగిరిని పిలిపించి గ్లాసు నిండా పోయించాను. వాడు నిలబడే తాగి వెళ్లాడు.

మూడోరోజు సైకిలెక్కి స్కూలుకు పోయాను. ఏడు మైళ్లు పోయాను గాని ఏడు మైళ్లు రాలేకపోయాను. నాలుగో మైలు దగ్గర కాలు ఎవరిదో అయినట్టు తోచింది. దిగి చూస్తే పిక్క నిగనిగలాడుతూ రెండింతలయింది. అటుగా వచ్చిన గడ్డిబండిలో నన్నూ సైకిల్‌నూ వేసుకొచ్చారు. ఆ రాత్రి జ్వరంలో ఏం మాట్లాడానో తెలియదు. రెండు రోజులకు పాలమూరు దవాఖానకు తీసుకుపోయారు.

దవాఖాన వరండాలో చిట్టీ చేతబట్టుకుని ఎన్ని గంటలు కూర్చున్నానో చెప్పలేను. కాలు చాచాలి, చాచడానికి జాగా లేదు. ఎవరో తగిలితే ప్రాణం పోతుంది. పక్కన అచ్చంపేట దిక్కు నుంచి వచ్చిన ఒక అవ్వ, తన మూట ముందుకు జరిపి నా మడమ దాని మీద పెట్టింది. ఆ మూటలో ఆమె రొట్టెలున్నాయని తర్వాత తెలిసింది. నేను సిగ్గుపడితే, మూటేమన్న దేవుడా, కాలు పెట్టు బిడ్డా అంది. ఆమె ఎందుకొచ్చిందో నేను అడగనే లేదు. నా నొప్పి తప్ప ఇంకో లోకం లేదు అప్పుడు.

కాలు కోశారు, చీము తీశారు. రోజు విడిచి రోజు కట్టు మార్చేది కరీంసాబ్ అనే కంపౌండరు. పెద్దమనిషి. దూది అంటుకుపోతే లాగేవాడు కాదు, నీళ్లు చల్లి నానేదాకా పక్క మంచం మీద కూర్చునేవాడు. మొదటి కట్టు రోజే అడిగాడు.

"సార్, గిది సగమే వచ్చింది. సగం లోపల్నే తెగింది. ఎవలు గుంజిండ్రు?"

ఎవరూ గుంజలేదు, మొత్తం వచ్చింది, నా దోస్తు చేతిలో ఎప్పుడూ తెగలేదు అన్నాను. రెండోసారి అడిగినా అదే చెప్పాను. మూడోసారి కొంచెం కోపంగానే చెప్పాను. ఆయన వాదించలేదు. ఒక విషయం మాత్రం చెప్పాడు. నారి ఉన్న కాలు నీళ్లలో పెడితే అది ఆ నీళ్లలో పిల్లలు పెడుతుందట. ఆ నీళ్లు వడకట్టకుండా తాగినవాళ్లకు వచ్చే ఏడాది మళ్లీ లేస్తుందట. నీళ్లలో పెట్టిండ్రా సార్ అని అడిగాడు. లేదన్నాను. ఎందుకు లేదన్నానో అప్పుడు ఆలోచించలేదు.

నెలలో యాదగిరి ఒకసారి వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. ఒకటి ఒలిచి తొనలు నా చేతిలో పెడుతూ దుకాణం సంగతులు చెప్పాడు. కాలి వంక చూడలేదు. నీ చేతి చలవ లేకుంటే ఇరవై రోజులు కూడా గడిచేవి కావురా అని నేనే వాడికి దండం పెట్టినంత పని చేశాను. వాడు బత్తాయి తొక్కలు ఏరుకుని, బస్సు టైమయిందని వెళ్లిపోయాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. వాడి మీద సగం, నా మీద సగం.

అసలు సంగతి బయటపడింది అండాలు నోటి వెంట. నలభై రోజులు కటికనేల మీద పడుకుని, దవాఖాన పొయ్యిల దగ్గర వండి, ఇంటి దగ్గర అమ్మ ఎట్లుందోనని ఫికర్ పడి, మనిషి సగమైంది. ఒక సాయంత్రం నేను కరీంసాబ్‌ను ఆడిపోసుకుంటున్నాను. వీడికి పని రాదు, చీము ఎందుకొచ్చిందో తెలియక యాదగిరి మీద పెడుతున్నాడు అని. ఆమె గిన్నె కడుగుతున్నదల్లా ఆగింది.

"ఆయన్నెందుకంటవు? తెగింది. ఆ దినమే తెగింది. అత్తమ్మ సూసింది, నాకు జెప్పింది. నీకు జెప్పొద్దని యాదగిరన్న అత్తమ్మ చేతిల చెయ్యేసి ఒట్టు వెట్టించుకున్నడు."

యాదగిరికి తెలుసు. అమ్మకు తెలుసు. భార్యకు తెలుసు. ఆ కాలు ఎవరిదో వాడికి తప్ప ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసి కూడా మూడోరోజు నన్ను సైకిలెక్కనిచ్చారు. నీకు ఎప్పుడు తెలిసిందని అడిగితే, జ్వరమొచ్చినాక అని ఏడ్చింది. అమ్మ మాత్రం మొదటి రోజు నుంచీ ఎరుగును. లోపల మిగిలింది ఎట్లనో కరిగిపోతదని యాదగిరి చెప్పాడట, ఆమె నమ్మిందట. కొడుకు కాలికంటే కొడుకు దోస్తు పేరు ఎక్కువైందా అని నేను అన్న మాట అండాలు ఆమెకు చేరవేయలేదు. ఆ ఒక్కటి మాత్రం దాచి మంచి చేసింది.

నారి తెగినందుకు నాకు కోపం లేదు. ఎవరి చేతిలోనైనా తెగొచ్చు. తెగిందని ఆ పొద్దున్నే చెప్పి ఉంటే ఆ పొద్దున్నే బస్సెక్కేవాణ్ని. మోకాలు పూర్తిగా వంగేది. ఒక్క మాట ఖర్చు కాకుండా మిగుల్చుకోవడానికి వాడు నా కాలు ఖర్చు పెట్టాడు.

మృగశిర కార్తెకు ఇంటికొచ్చాను. వానలు మొదలయ్యాయి, స్కూళ్లూ తెరిచారు. నా జాగాలో ఒక కొత్తాయన్ను పెట్టారని తెలిసింది. ఆఫీసు నుంచి కాగితం కూడా వచ్చింది. పంద్రాగస్టు జెండా నాటికి పనిలో చేరితే సరే, లేకుంటే ఆ జాగా కొత్తాయనకే ఖాయమని. గట్టిగా రెండు నెలలే. మోకాలు బిగుసుకుపోయి కర్ర లేకుండా దొడ్డిదాకా పోలేకపోతున్నాను.

అమ్మతో పది రోజులు మాట్లాడలేదు. ఆమె నా పళ్లెంలో కూర వేసి పక్కకు తిరిగి కూర్చునేది. పదకొండో రోజు ఆముదం కాచి తెచ్చి మోకాలికి రుద్దడం మొదలుపెట్టింది. నేను కాలు చాచాను. రోజూ రుద్దింది. కొంచెం కొంచెంగా వంగింది. తల్లిని ఎన్ని రోజులు శిక్షించగలం.

సైకిల్ గడ్డిబండి దిగినప్పటి నుంచి యాదగిరి దుకాణంలోనే ఉంది. అండాలు పోయి నడిపించుకొచ్చింది. తుడిచి ఉంది, నూనె వేసి ఉంది, సీటు మూడు వేళ్ల ఎత్తు లేపి ఉంది. నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. సీటు ఎత్తయితే పెడల్ పైకొచ్చినప్పుడు మోకాలు అంతగా వంగనక్కర్లేదు. నా కాలు ఎంత వంగుతుందో నా ఇంటికి రాకుండానే వాడు లెక్కేశాడు. కోపంతో సీటు దించుదామని పానా కోసం వెతికాను. పానా కూడా వాడి దగ్గరే ఉండిపోయింది.

తెల్లవారుజామున మనుషులు తిరగకముందే అండాలూ నేనూ సంతబయలుకు పోయేవాళ్లం. రాయి మీద నిలబడి ఎక్కేవాణ్ని. కుడి కాలుతో సగం తొక్కుడు, వెనక్కి తిప్పుడు, మళ్లీ సగం. చిన్నపిల్లలు త్రికోణంలోంచి కాలు దూర్చి కైంచీ తొక్కుతారు చూడండి, వాళ్లు నాకంటే నయం. అయినా నన్ను పడేసింది కాలు కాదు. అండాలు చీర కుచ్చిళ్లు దోపుకుని క్యారియర్ పట్టుకుని ఉరికేది. పట్టుకున్నవా అనేవాణ్ని. పట్టుకున్న అనేది. నిజంగానే పట్టుకునేది. నేను నమ్మేవాణ్ని కాదు. మెడ తిప్పి చూసేవాణ్ని. చూడగానే హ్యాండిల్ తిరిగి ఇద్దరం బురదలో పడేవాళ్లం. పది రోజుల్లో పాతికసార్లు పడి ఉంటాం. ఒకసారి ఆమె మోచెయ్యి చీరుకుపోయింది. నేను పట్టుకున్నా నమ్మవు, ఇడిసినా నమ్మవు, ఇగ నేనేం జెయ్యాలె అని అక్కడే కూలబడింది. వెనక ఉన్న మనిషి మాట మీద నమ్మకం లేనివాడు ముందుకు చూడలేడు. నాకు యాదగిరి చేసిన అసలు నష్టం అది. మోకాలికి ఆముదం ఉంది, దీనికి లేదు.

పంద్రాగస్టు ఇంకో ఆరు రోజులుందనగా సంతబయలులో యాదగిరి నిలబడి ఉన్నాడు. అండాలు పిలిచిందో, తనే వచ్చాడో నేను అడగలేదు, ఇప్పటికీ అడగలేదు. నేను సైకిల్ తిప్పుకుని వెళ్లిపోబోయాను. వాడు వచ్చి క్యారియర్ పట్టుకున్నాడు. గుంజితే వదల్లేదు. కర్ర తీసుకుని కొడదామన్నంత కోపం వచ్చింది, కర్ర ఇంటి దగ్గర ఉంది.

వాడు నా వెనక నిలబడి, నా వీపుతో మాట్లాడాడు.

"తెగింది. నా చేతిల్నే తెగింది. కొస సూసిన, సూసే కుంపట్ల ఏసిన. యాదగిరి చేతిల తెగిందంటే ఇగ ఎవడొస్తడు అనుకున్న. నీ కాలు యాదికి రాలే నాకు ఆ గడియల. నా పేరే యాదికొచ్చింది."

వాడు క్షమించమని అడగలేదు. అడిగితే ఏం చేసేవాణ్నో తెలియదు. ఎక్కు అన్నాడు. ఎందుకు ఎక్కానో కూడా చెప్పలేను. ఆరు రోజులే ఉన్నాయి, అందుకే అనుకుంటాను. వాడు వెనక ఉరికాడు. సగం తొక్కుడు, సగం తొక్కుడు. ఎత్తు సీటు మీద మోకాలు పైన పట్టేయకుండా దాటిపోతోంది. నాలుగో తొక్కుడుకు పెడల్ పూర్తి చుట్టు తిరిగింది. నేను పట్టుకున్నవా అని అడగలేదు. మెడ మాత్రం దానంతటదే వెనక్కి తిరగబోయింది.

"సూడకు," అన్నాడు వాడు. "పట్టుకున్న. ఇప్పుడు ఇడుస్తున్న." రెండడుగులు ఉరికాడు. "ఇడిసిన."

ఇడిసిన అన్నాడు కాబట్టి చూడనక్కర్లేకపోయింది. సైకిల్ ఒకసారి ఊగి నిలబడింది. సంతబయలు చివరిదాకా పోయాను, సడక్ ఎక్కాను, తిరిగి సంతబయలుకు రాకుండా ఇంటిదారి పట్టాను. వాడు ఎంతసేపు నిలబడ్డాడో అండాలుకు తెలుసు. ఆమె చెప్పబోతే వద్దన్నాను.

పంద్రాగస్టు నాడు ఏడు మైళ్లు మూడుచోట్ల ఆగి పోయాను. కొత్తాయన మంచివాడే, జెండా తాడు నా చేతికిచ్చి పక్కకు జరిగాడు. జెండా ఎగిరింది, పిల్లలు పాడారు. తర్వాత పటేలు నన్ను రెండు మాటలు మాట్లాడమన్నాడు. మాట్లాడటానికి నిలబడి దిగుడుబావి దిక్కు చూశాను. కరీంసాబ్ అడిగినప్పుడు లేదన్న మాట గుర్తొచ్చింది. నాలుగు నెలలుగా అది నా గొంతులో ఉంది. మాస్టరు పేరు పోతుందని దాచుకున్నాను. ఇంకొకణ్ని తిట్టుకుంటూ అదే పని నేనూ చేస్తున్నాను.

చెప్పాను. నారి ఉన్న కాలు మీ బావిలో పెట్టింది నేనే, తెలియక పెట్టాను, తెలిశాక కూడా చెప్పలేదు, వచ్చే ఎండాకాలం మీ ఇళ్లలో కురుపులు లేస్తే అందులో నా పాపం ఉంది, నీళ్లు రెండు మడతల బట్టతో వడకట్టి తాగండి, కురుపున్న కాలు మెట్లు దింపకండి అన్నాను. పటేలు తన చెప్పులు చూసుకున్నాడు. వెనక నుంచి ఒక ముసలామె, ఇప్పటికన్న చెప్పినవు గద సారూ అంది. ఆ మాట మెచ్చుకోలో దెప్పిపొడుపో నాకు ఈనాటికీ తేలలేదు. మరుసటి ఏడాది ఆ ఊళ్లో నాలుగిళ్లలో కురుపులు లేచాయి. అంతకుముందు ఎన్ని లేచేవో నేను లెక్కపెట్టలేదు కాబట్టి దాంట్లో నా వంతు ఎంతో తెలియదు. నలుగురినీ నేనే వెంటబెట్టుకుని కరీంసాబ్ దగ్గరికి తీసుకుపోయాను.

ఎవరికైనా నారి లేస్తే నేను చెప్పేది ఒక్కటే. అది ఇచ్చినంతే తీసుకోండి. తెగితే తెగిందని చెప్పండి, కుంపట్లో వేయకముందే చెప్పండి. హస్తవాసి మళ్లీ వస్తుంది.

యాదగిరి ఇప్పుడు ఎవరి నారీ చుట్టడు. గడప దగ్గర కూర్చున్నవాళ్లను దవాఖానకు పొమ్మంటాడట. దారిలో కనిపిస్తే తల ఊపుతాడు, నేనూ ఊపుతాను. మాఫ్ చేశావా అని అండాలు అడుగుతుంది. లేదు. పంక్చరయితే ఇంకో దుకాణానికి పోతాను, అర మైలు నడిపించుకుంటూ. మొన్న ఆ దుకాణంవాడు సీటు మరీ ఎత్తుంది సారూ, జర దించుదునా అని పానా తీశాడు. వద్దన్నాను. అది ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది.